వృద్ధ అయస్కాంతమునకు హీలియపు దాహము

ప్రశ్న: మా కళాశాలలోని పాత 300 మెగాహెర్ట్జ్ ఎన్.ఎం.ఆర్. యంత్రమున ద్రవ హీలియము మునుపటికంటె త్వరగా తరిగిపోవుచున్నది. అయస్కాంతము చెడినట్లేనా?

జవాబు: అంత తొందరపడవలదు. సెంటీగ్రేడు సున్నకు 269 డిగ్రీలు దిగువనున్న ఆ చలిలో మునిగియున్నంతకాలము లోపలి తీగచుట్ట నిరోధమెరుగక విద్యుత్తును మోయుచునే యుండును గనుక, దోషము సాధారణముగా చుట్టలో గాక, దానిని కాచు శూన్యకవచమునందో, ఏండ్లతరబడి పెళుసెక్కిన రబ్బరు వలయములందో, ద్రవ నైట్రోజన్ నింపుటలోని అశ్రద్ధయందో కనబడును. బయటి తొట్టి ఒడలంతయు చెమ్మగిల్లి చల్లబడినచో శూన్యము సడలినదని అనుమానింపుడు. హీలియము మట్టము తయారీదారు విధించిన కనిష్ఠమునకు దిగకముందే నింపింపుడు. ఖర్చు దండుగయను లెక్కల గుమాస్తా మాట వినవలదు. తరుగుదల హఠాత్తుగా ఆగినచో మాత్రము సంతోషింపకుడు: మెడగొట్టములో మంచు గడ్డకట్టి ఆవిరిదారి మూసికొనియుండవచ్చును. అపుడు స్వయముగా పొడిచి తీయబూనక, గది ఖాళీచేయించి నిపుణుని పిలిపింపుడు.