చంకలలో అతిగా చెమట – ఏ చికిత్స ముందు, ఏది తరువాత?



ఎండలో తిరిగినా, బరువు పని చేసినా, భయం వేసినా అందరికీ చెమట పడుతుంది. ఒంటి వేడిని తగ్గించుకోవడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది. కానీ కొందరికి ఫ్యాను కింద కూర్చున్నా, చలికాలంలోనైనా చంకలు తడిసిపోయి, జాకెట్టు మీద, చొక్కా మీద పెద్ద మరకలు కనబడతాయి. దీనిని వైద్యులు హైపర్‌హైడ్రోసిస్ అంటారు. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. అయినా నలుగురిలో చెయ్యి ఎత్తలేక మనిషి లోలోపల కుంగిపోవచ్చు.

బట్టల దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయి తల్లితో కలిసి మా వద్దకు వచ్చింది. పై అరలలోని చీరలు తీయాలంటే చేతులు ఎత్తాలి. అందుకు సిగ్గుపడి ఉద్యోగం మానేస్తానని ఇంట్లో ఏడ్చింది. తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టి, "ఎంతైనా ఫరవాలేదు సిస్టర్, ఆపరేషన్ చేయించండి" అని అడిగింది. ఆ రోజు ఆమెకు చెప్పిన సంగతులే ఈ పాఠంలో మీకూ చెబుతున్నాను.

చెమట ఎందుకు ఎక్కువవుతుంది?

మన చర్మంలో సుమారు 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులు ఉంటాయి. నరాలు వాటికి కబురు పంపితే అవి చెమటను వదులుతాయి. ఈ జబ్బులో గ్రంథులు బాగానే ఉంటాయి, నరాల కబురే అవసరానికి మించి వస్తుంది. సాధారణంగా చిన్నతనంలోనో, యుక్తవయసులోనో మొదలై, రెండు చంకలలోనూ సమానంగా ఉండి, నిద్రలో ఆగిపోతుంది. ఇంట్లో మరొకరికి కూడా ఉండవచ్చు. 2004లో అమెరికాలో వెలువడిన ఒక సర్వే ప్రకారం అక్కడ నూటికి దాదాపు ముగ్గురికి అతి చెమట బాధ ఉంది. కనుక ఇది అపరిశుభ్రత వలన వచ్చింది కాదు. "సరిగా స్నానం చెయ్యవా?" అని ఇంట్లో వారే అనకండి.

ముందు తేల్చుకోవలసినది

చెమట వెనుక వేరే జబ్బు ఉందేమో మొదట చూడాలి. ఈ క్రింది లక్షణాలలో ఏది ఉన్నా డాక్టరు గారికి చెప్పండి.

– రాత్రి నిద్రలో దుప్పటి తడిసేలా చెమట, దానితో జ్వరం, దగ్గు, బరువు తగ్గడం. ఇది క్షయ కావచ్చు, మరికొన్ని జబ్బులూ కావచ్చు.
– చెమటతో పాటు గుండెదడ, చేతుల వణుకు, బాగా తింటున్నా చిక్కిపోవడం. థైరాయిడ్ పరీక్ష అవసరం.
– షుగరు మందులు వాడేవారికి హఠాత్తుగా చెమట, వణుకు, కళ్ళు తిరగడం. షుగరు పడిపోయి ఉండవచ్చు. స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వండి.
– ఛాతీలో నొప్పి, బరువుతో కూడిన చల్లని చెమట. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

కొత్తగా మొదలుపెట్టిన మందుల వలన కూడా చెమట పెరగవచ్చు. వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకురండి.

మెట్టు 1: పూత మందు

మార్కెట్లో దొరికే డియోడరెంట్లు చాలావరకు వాసనను కప్పుతాయి గాని చెమటను ఆపవు. చెమటను తగ్గించేది యాంటీపెర్‌స్పిరెంట్. వాటిలో బలమైనది అల్యూమినియం క్లోరైడ్. చంకలకు సాధారణంగా 20 శాతం ద్రావణాన్ని రాస్తారు. ఇది చెమట నాళాల నోళ్ళను తాత్కాలికంగా మూసివేస్తుంది. ఖర్చు తక్కువ. అందుకే మొదట దీనినే వాడి చూస్తారు.

వాడే పద్ధతిలోనే ఫలితం ఉంది. రాత్రి పడుకునే ముందు, చెమట తక్కువగా ఉన్నప్పుడు, చంకలను పూర్తిగా ఆరనిచ్చి రాయాలి. పొద్దున కడిగివేయాలి. తడి చర్మం మీద గాని, వెంట్రుకలు తీసిన వెంటనే గాని రాస్తే మంట పుడుతుంది. చెమట తగ్గిన తరువాత వారానికి ఒకటి రెండు రాత్రులు రాస్తే సాధారణంగా సరిపోతుంది. మంట ఎక్కువైతే కొన్ని రోజులు ఆపి డాక్టరు గారిని అడగండి.

మెట్టు 2: నరాల కబురును తగ్గించే మందులు

గ్లైకోపైరోనియం అనే మందుతో తడిపిన వస్త్రానికి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. సోఫ్‌పిరోనియం అనే జెల్‌కు జపాన్‌లో 2020లో, అమెరికాలో 2024లో అనుమతి లభించింది. ఇవి చంకకే రాసేవి. రాసిన చేతితో కన్ను ముట్టుకుంటే చూపు మసకబారుతుంది కనుక వెంటనే చేతులు కడుక్కోవాలి. ఇవి ఇక్కడ దొరుకుతాయా, మీకు తగినవా అన్నది చర్మవైద్యులను అడగండి.

గ్లైకోపైరోలేట్, ఆక్సీబ్యుటినిన్ వంటి మాత్రలు ఒళ్ళంతా చెమటను తగ్గిస్తాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం, చూపు మసకబారడం రావచ్చు. గ్లకోమా ఉన్నవారికి, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవారికి ఇవి ప్రమాదం. మన వేసవిలో మరో సంగతి గుర్తుంచుకోవాలి. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు. ఎండలో పొలం పని, కూలి పని చేసేవారికి వడదెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది. పక్కింటివారి మాత్రలు తెచ్చి వేయకండి.

మెట్టు 3: బోటాక్స్ ఇంజెక్షన్లు

పూత పనిచేయని వారికి ఇది మంచి మార్గం. చంకల అతి చెమటకు 2004లో అమెరికాలో అనుమతి పొందింది. చర్మం మీద అయోడిన్ పూసి, ఆరిన తరువాత పిండి చల్లితే చెమట వచ్చే చోటు నల్లబడుతుంది. ఆ చోట సన్నని సూదితో ఒక్కో చంకలో 10 నుంచి 15 చోట్ల, మొత్తం 50 యూనిట్ల వరకు ఇస్తారు. ఒకటి రెండు వారాలలో చంకలు ఆరతాయి. ఈ ఫలితం శాశ్వతం కాదు. చాలామందికి 4 నుంచి 6 నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. తరువాత మళ్ళీ చేయించుకోవాలి, మళ్ళీ ఖర్చు. గర్భిణులు, కండరాల బలహీనత జబ్బులు ఉన్నవారు ముందే చెప్పాలి.

మెట్టు 4: తిరిగి రాని మార్గాలు

మైక్రోవేవ్ యంత్రంతో చంకలోని గ్రంథులను వేడితో నాశనం చేసే పద్ధతికి 2011లో అమెరికాలో అనుమతి లభించింది. సాధారణంగా రెండుసార్లు చేస్తారు. నాశనమైన గ్రంథులు మళ్ళీ పెరగవు. కొన్నాళ్ళు వాపు, నొప్పి, తిమ్మిరి ఉండవచ్చు. ఖర్చు ఎక్కువ. చంకలోని గ్రంథులను గీకి తీసివేసే చిన్న ఆపరేషన్ కూడా ఉంది. దానిలో మచ్చ పడవచ్చు.

ఛాతీలోని నరాన్ని కత్తిరించే ఆపరేషన్ చివరి మెట్టు. ఇది అరచేతుల చెమటకు బాగా పనిచేస్తుంది గాని చంకలకు అంత నమ్మకం లేదు. పైగా ఆపరేషన్ తరువాత వీపు, పొట్ట, తొడల మీద కొత్తగా చెమట మొదలవడం చాలా మందిలో కనబడుతుంది. కొందరికి అది మొదటి బాధ కంటే ఎక్కువవుతుంది. కత్తిరించిన నరాన్ని మళ్ళీ మునుపటిలా చేయలేరు. అందువలన సంతకం చేసే ముందు "కొత్త చోట చెమట వస్తే ఏం చేస్తారు?" అని సర్జన్ గారిని తప్పక అడగండి.

ఆ అమ్మాయి సంగతి

మేము అడిగితే తెలిసింది ఏమిటంటే, ఆమె పూత మందును అంతకు ముందే కొన్నది. పొద్దున స్నానం చేసి, తడి ఒంటి మీదే రాసుకునేది. మంట పుట్టి నాలుగో రోజున మానేసింది. రాత్రిపూట, ఆరిన చర్మం మీద రాయడం నేర్పించాము. మూడు వారాల తరువాత తల్లీకూతుళ్ళు ఇద్దరూ వచ్చారు. పూర్తిగా తగ్గలేదు గాని జాకెట్టు మీద మరక కనబడనంతగా తగ్గింది. ఆమె ఉద్యోగం మానలేదు. తల్లి గొలుసు విడిపించుకున్నది.

అందరికీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుందని నేను చెప్పను. కొందరు రెండవ, మూడవ మెట్టు ఎక్కవలసి వస్తుంది. అయితే ప్రతి మెట్టునూ సరైన పద్ధతిలో, తగినంత కాలం వాడి చూడకుండా పై మెట్టుకు దూకవద్దు.

గుర్తుంచుకోండి

1. ముందు వేరే జబ్బు లేదని తేల్చుకోండి.
2. పూత మందు రాత్రిపూట, ఆరిన చర్మం మీద.
3. మాత్రలు డాక్టరు గారు రాస్తేనే. ఎండలో పని చేసేవారికి మరింత జాగ్రత్త.
4. నరం కత్తిరించే ఆపరేషన్ చిట్టచివరి మాట.
5. నూలు బట్టలు, వదులైన చొక్కాలు కొంత సుఖాన్నిస్తాయి. మీ ఓదార్పు మాట అంతకంటే ఎక్కువ సుఖాన్నిస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడూ ముదురు రంగు బట్టలే వేసుకుంటున్నారా? చేతులు ఒంటికి ఆనించుకునే నిలబడుతున్నారా? బహుశా చెప్పుకోలేక బాధపడుతున్నారేమో. ఎగతాళి చేయక మెల్లగా అడగండి, ఒకసారి ఓ.పి.కి తీసుకురండి.