తడబాటును ముందే గుర్తుపట్టడం: చలిలో, వానలో, గాలిలో ట్రయాథ్లాన్

మన గోడపత్రికలో సంధులు, సామెతలు, శతకాల మీద పాఠాలు చాలానే వచ్చాయి. ఈసారి నేనొక ఆట మీద పాఠం రాస్తున్నాను. తెలుగు విభాగానికీ ఈత, సైకిలు, పరుగుకీ సంబంధమేమిటని మీరు అడగొచ్చు. ఉంది. చలి మనిషిని మెట్టు మెట్టుగా ఎలా లొంగదీస్తుందో చెప్పడానికి మన భాషలో ఒక్కో మెట్టుకీ ఒక్కో మాట ఉంది. ఆ మాటలు వరసగా గుర్తుంటే పందెంలో మన ప్రాణానికీ, పక్కనున్న అమ్మాయి ప్రాణానికీ కాపలా కాయొచ్చు. ఈ పాఠంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ముందు ఆట గురించి రెండు ముక్కలు

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు మూడూ మధ్యలో విరామం లేకుండా చేసే పందెం. ఈ పేరుతో మొదటి పోటీ 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియాగోలో జరిగింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌తో ఒలింపిక్ ఆట అయింది. ఒలింపిక్ దూరం 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సగాన్ని స్ప్రింట్ అంటారు. మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా ఈ సగం దూరంలోనే దిగుతారు.

మన దేశపు ఆడవాళ్ళకి ఈ దారి కొత్తదేం కాదు. బెంగళూరు రోడ్ల మీద కూడా సాధన చేసిన అను వైద్యనాథన్ 2009లో కెనడాలో అల్ట్రామ్యాన్ పూర్తి చేశారు. అది మూడు రోజుల పందెం: 10 కిలోమీటర్ల ఈత, 420 కిలోమీటర్లకు పైగా సైకిలు, 84 కిలోమీటర్ల పరుగు. తన అనుభవాలను ‘ఎనీవేర్ బట్ హోమ్’ అనే పుస్తకంగా రాశారు.

బెంగళూరులో చలి ఎక్కడిది?

మన నగరం సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. యూరప్ వాళ్ళు వింటే ఇదేం చలి అంటారు. కానీ పందెంలో దిగినవాళ్ళని ఇబ్బంది పెట్టేది పొడి చలి కాదు, ముసురు. బంగాళాఖాతంలో తుపాను పుడితే మనకి రెండు మూడు రోజులు సూర్యుడు కనబడడు. 2022 డిసెంబరులో మాండూస్, 2024 నవంబరు చివర ఫెంజల్ వచ్చినప్పుడు మీరూ స్వెటర్లు తీసే ఉంటారు. థర్మామీటరులో పద్దెనిమిది డిగ్రీలే ఉండొచ్చు. తడి ఒళ్ళు, దానికి తోడు గాలి ఉంటే ఆ పద్దెనిమిదే చాలు.

నంది కొండ ఎక్కేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. కొండ ఎత్తు 1478 మీటర్లు. తెల్లవారుజామున సైకిల్ మీద ఎక్కేటప్పుడు ఒళ్ళంతా చెమట. దిగేటప్పుడు కాళ్ళకి పని లేదు, ఒంట్లో వేడి పుట్టదు, ఎదురుగా గాలి, చుట్టూ మంచు. చెమటతో తడిసిన బట్టే శత్రువవుతుంది. కిందికి వచ్చేసరికి బ్రేకు పట్టుకున్న వేళ్ళు విడదీయడానికి రావు. మా అవ్వది హిందూపురం వైపు. “చేతులు కొంకర్లు పోయినాయి” అంటుంది. అంతకన్నా కచ్చితమైన మాట నాకు ఏ వ్యాయామ పుస్తకంలోనూ దొరకలేదు.

నీళ్ళలో: జివ్వుమనే మొదటి నిమిషం

నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. అందుకే ఇరవై డిగ్రీల గాలిలో హాయిగా తిరిగే మనం ఇరవై డిగ్రీల నీళ్ళలో వణుకుతాం.

చల్లటి నీళ్ళలో దూకగానే ఒళ్ళు జివ్వుమంటుంది, ఊపిరి ఎగబీలుస్తుంది. మన ప్రమేయం లేకుండానే గబగబా శ్వాస తీసుకుంటాం, గుండె వేగం పెరుగుతుంది. ఆ క్షణంలో ముఖం నీళ్ళలో ఉంటే నీరు మింగేస్తాం. ఇది ఒకటి నుంచి మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. కాబట్టి ఆ కాసేపు ఈదాలని తొందరపడకూడదు. ముందు మెడ మీద, ముఖం మీద నీళ్ళు చల్లుకోవాలి. దిగాక తేలుతూ నెమ్మదిగా ఊపిరి వదలాలి. శ్వాస మన మాట విన్నాకే చెయ్యి వెయ్యాలి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా చల్లటి నీళ్ళలో దిగనే కూడదు.

ఇద్దరు ఈతగత్తెలను పోల్చి చూద్దాం. 2021 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి వైపు పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. అక్కడి సముద్రం వెచ్చన. ఆమె పోరాడింది అలలతో, ప్రవాహంతో, అలసటతో. 1959 సెప్టెంబరు 29న ఆరతి సాహా ఇంగ్లిష్ చానల్‌ని 16 గంటల 20 నిమిషాల్లో దాటి, ఆ పని చేసిన తొలి ఆసియా మహిళ అయ్యారు. ఆమెకు ఆ కష్టాలతో పాటు చలి కూడా తోడైంది. దూరం ఒక్కటే చూసి పందెం ఎంత కష్టమో అంచనా వెయ్యలేమని చెప్పడానికే ఈ పోలిక.

ట్రయాథ్లాన్ నిర్వాహకులు నీటి ఉష్ణోగ్రత కొలిచి నిర్ణయాలు తీసుకుంటారు. చల్లగా ఉంటే రబ్బరు వెట్‌సూట్ వేసుకోనిస్తారు, ఇంకా చల్లబడితే తప్పనిసరి చేస్తారు, మరీ అయితే ఈతే తీసేస్తారు. అలాంటప్పుడు ఈతకు బదులు పరుగు పెట్టడమూ ఉంది.

ఒడ్డున: పందెం వేళ్ళ చేతిలో ఉంది

ఈత ముగించి సైకిల్ దగ్గరికి వచ్చాక హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద బకిల్ బిగించాకే సైకిల్‌ని స్టాండు నుంచి తీయాలి. ఇది నియమం. ఇంట్లో రెండు సెకన్ల పని. కొంకర్లు పోయిన వేళ్ళతో రెండు నిమిషాలైనా కాదు. ఒంట్లో వేడి తగ్గుతుంటే శరీరం రక్తాన్ని గుండె, ఊపిరితిత్తుల వైపు మళ్ళించి చేతులకీ కాళ్ళకీ తగ్గిస్తుంది. పెద్దింటిని కాపాడుకోవడానికి వాకిట్లో దీపం ఆర్పినట్టు అన్నమాట. అందుకే ముందు పోయేవి వేళ్ళు.

దీనికి ఖర్చులేని ఉపాయాలున్నాయి. పొడి సాక్సు, చేతి తొడుగులు ప్లాస్టిక్ కవరులో మూటకట్టి పెట్టుకోవాలి. నూలు బనీను వద్దు, అది నీరు పీల్చి ఒంటికి అంటుకుపోతుంది. బట్టల్లోని అరలీటరు నీరు ఆరిపోవాలంటే సుమారు 290 కిలోక్యాలరీల వేడి కావాలి. ఇంచుమించు రెండు సాదా దోశల బలం. అందులో చాలావరకు మన ఒంట్లోంచే పోతుంది. యూరప్ సైకిల్ పందేల్లో కొండ దిగేటప్పుడు చొక్కా లోపల ఛాతీ మీద పాత న్యూస్‌పేపరు పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పేపరు గాలిని ఆపుతుంది. మన విభాగంలో పాత పేపర్లకి కొదవ లేదు కదా!

రోడ్డు మీద: వాన

వాన పడిన మొదటి నిమిషాల్లో రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తేలి జారుడుగా మారుతుంది. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, రాలిన పూలు, ఆకులు ఇంకా ప్రమాదం. బ్రేకు తడిస్తే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. మలుపు మధ్యలో బ్రేకు నొక్కకూడదు, మలుపుకి ముందే వేగం తగ్గించి, బండిని నిటారుగా ఉంచి తిరగాలి. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది.

2024 జులై 31న పారిస్ ఒలింపిక్స్ మహిళల పందెం తడి రోడ్ల మీదే జరిగింది. ప్రపంచంలో అందరికన్నా బాగా సైకిల్ తొక్కేవాళ్ళలోనే పలువురు జారిపడ్డారు. నిలదొక్కుకున్నవాళ్ళలో ఫ్రాన్స్‌కు చెందిన కసాండ్ర్ బోగ్రాండ్ బంగారు పతకం గెలిచింది. ముందురోజు జరగాల్సిన పురుషుల పందెం సెన్ నది నీరు బాగాలేక అదే రోజుకు వాయిదా పడింది. దానికీ వానలే కారణం.

రోడ్డు మీద: గాలి

“వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి, లెక్క సరిపోతుంది” అనుకుంటాం. సరిపోదు. 40 కిలోమీటర్లు గంటకు 30 వేగంతో వెళ్తే 80 నిమిషాలు. గాలివల్ల వెళ్ళేటప్పుడు 25, వచ్చేటప్పుడు 35 అయిందనుకోండి. మొదటి సగానికి 48 నిమిషాలు, రెండో సగానికి 34 పైచిలుకు. మొత్తం 82 దాటింది. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి నష్టం పూడదు. పైగా గాలి అడ్డును దాటి వేగం రెట్టింపు చెయ్యాలంటే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుకే ఎదురుగాలిలో వేగం చూసుకోకూడదు, శ్రమ చూసుకోవాలి. నడుం వంచి, చిన్న గేరులో తొక్కాలి.

గాలి ముందు తలవంచడం ఓటమి కాదు. 2012లో న్యూజిలాండ్ టాపోలో మార్చి 3న జరగాల్సిన ఐరన్‌మ్యాన్ పందేన్ని గాలివాన హెచ్చరిక రాగానే ఒకరోజు వాయిదా వేసి, సగం దూరానికి కుదించారు.

పరుగు: బోస్టన్ చెప్పిన సంగతి

2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ గడ్డకట్టే చలికి కాస్త పైన, జోరువానలో, ఎదురుగాలిలో జరిగింది. పేరున్న పరుగువీరులు ఎందరో మధ్యలోనే మానేశారు. డెజిరే లిండెన్ కూడా మొదట్లో మానేద్దామనుకుంది. ఎలాగూ మానేస్తున్నాను కదా, ఈలోగా తోటి అమెరికన్ షలేన్ ఫ్లానగన్‌కి సాయపడదామని ఆమె కోసం వేగం తగ్గించి ఆగింది, తర్వాత గుంపులోకి చేరడానికి తోడు నడిచింది. చివరికి తనే 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లలో గెలిచింది. 1985 తర్వాత అక్కడ గెలిచిన తొలి అమెరికన్ మహిళ ఆమె. అలాంటి రోజున గెలుపు వేగానిది కాదు, ఒంటి వేడినీ బుద్ధి నిలకడనీ చివరిదాకా కాపాడుకున్నవాళ్ళది.

అసలు పాఠం: తడబాటు

మన శరీరం వేడి 37 డిగ్రీల దగ్గర ఉండాలి. 35 కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. గడగడ వణకడం నిజానికి మంచి సూచన, కండరాలు వేడి పుట్టిస్తున్నాయి. ఇంకా చల్లబడితే వణుకు ఆగిపోతుంది. “హమ్మయ్య, తగ్గింది” అనుకోవడానికి లేదు. అది అన్నిటికన్నా చెడ్డ గుర్తు.

వణుకుకీ మగతకీ మధ్య ఒక మెట్టుంది. చెయ్యి తడబడుతుంది, అడుగు తడబడుతుంది, మాట తడబడుతుంది. ఇంగ్లిష్‌లో కొండలెక్కేవాళ్ళు ఈ గుర్తులకు వేరువేరు మాటలు కంఠస్థం చేస్తారు. మనకి ఒక్క క్రియ చాలు. (తడికీ తడబాటుకీ వ్యుత్పత్తిలో చుట్టరికం ఉందని నేననను, మేడమ్‌లు కోప్పడతారు!)

నగరం బయట ఒక చిన్న పందెంలో నేను వాలంటీరుగా ఉన్నాను. రెండు రోజులుగా ముసురు. ఒక చెల్లి పరుగు ముగించి వచ్చి హెల్మెట్ సంచిలో పెట్టుకోబోతోంది, జిప్పు దొరకడం లేదు. “ఏమైంది?” అన్నాను. “ఏం లేదక్కా, బాగానే ఉన్నా” అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. చెయ్యి, మాట రెండూ తడబడ్డాయి. ఆమె చెప్పినదాన్ని నమ్మకుండా ఆ రెండింటినీ నమ్మాను. బట్టలు మార్చుకోలేదేం అంటే, చోటు లేదని చెప్పింది. ఆడవాళ్ళకి గుడారం వెయ్యలేదు. ఇద్దరం దుప్పటి అడ్డం పట్టి పొడిబట్టలు వేయించాం, తల తుడిచి కప్పాం, చక్కెర ఎక్కువ వేసిన టీ ఇచ్చాం. అరగంటకి గాని మామూలు మాట రాలేదు.

పరుగు ఆగాకా ఒళ్ళు చల్లబడుతూనే ఉంటుంది, వేడి పుట్టించే పని ఆగిపోయింది కాబట్టి. గమ్యం దాటిన మొదటి పది నిమిషాలు అందుకే కీలకం. తడిబట్టలు వెంటనే తీసెయ్యాలి. ముందు ఛాతీ, పొట్ట వెచ్చబడాలి. మరీ వేడి నీళ్ళు ఒక్కసారిగా పోసుకోకూడదు. ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే చోటు మర్యాద కోసం మాత్రమే కాదు, ప్రాణరక్షణ కోసం కూడా కావాలి. పేరు ఇచ్చేటప్పుడే ఆ చోటు ఉందా అని అడగండి. అడిగితే తప్పేం లేదు.

గుర్తుంచుకోవాల్సిన వరస

జివ్వుమనడం: మొదటి నిమిషం. ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి.
కొంకర్లు పోవడం: వేళ్ళు మాట వినవు. చేతులు వెచ్చబెట్టుకోవాలి, వేగం తగ్గించాలి.
గడగడ వణకడం: శరీరం పోరాడుతోంది. తినాలి, గాలికి అడ్డం చూసుకోవాలి.
తడబడటం: పందెం ఇక్కడ ఆపాలి. వాదన లేదు.
మొద్దుబారడం, మగత: సొంతంగా ఏమీ చెయ్యలేరు. పడుకోబెట్టి కప్పి, వెంటనే వైద్య సాయం పిలవాలి.

తడబాటు వచ్చినవాళ్ళకి తాము తడబడుతున్నట్టు తెలియదు. మందగించేది బుద్ధి కూడా కాబట్టి. అందుకే ఈ వరస పందెంలో దిగేవాళ్ళకన్నా ఒడ్డున నిలబడే మనకే ఎక్కువ అవసరం.

మీ ఊళ్ళో చలిని, వణుకుని, ముసురుని ఏమంటారో ఈ పత్రిక కింద అంటించిన తెల్లకాగితం మీద రాయండి. చిత్తూరు మాట, పాలమూరు మాట, శ్రీకాకుళం మాట, ఇక్కడే పుట్టి పెరిగిన బెంగళూరు తెలుగు మాట, ఏదైనా సరే. పక్కనే ఊరి పేరు కూడా రాయడం మరవకండి.