పాఠం చేరితే చాలదు

పసుపు ఉడికించడం ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు మంట చూడాలి, ఒకరు కొమ్ములు మొయ్యాలి, ఇంకొకరు కళ్లంలో ఆరబొయ్యాలి. ఆర్మూరు రైతుబిడ్డలకు ఇది తెలియనిది కాదు. మరి చదువు దగ్గరికి వచ్చేసరికి ఎవరికి వారే ఎందుకైపోతాం?

యంత్రాల సాయంతో పాఠం చెప్పడం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ‘సైట్’ పథకం కింద ఆనాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ ద్వారా బడి పాఠాలు వచ్చాయి. అప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. పాఠం ఇంటికి చేరింది గాని, అర్థం కాకుంటే అడుగుదామంటే పక్కన దోస్తు లేడు.

డిగ్రీలో చేరినంక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఒకరు నోట్సు ఫోటో పెడితే మిగతావాళ్లం దించుకునేవాళ్లం. ప్రాక్టికల్స్‌లో సూచికల గురించి అడిగితే నాకు నోట మాట రాలేదు. ఫోను లేని మిత్రుడొకడు ఆ గ్రూపులోనే లేడు. లేడన్న సంగతి కూడా మాకు తట్టలేదు.

1971లో అమెరికాలోని ఆస్టిన్ పాఠశాలల్లో ఎలియట్ ఆరన్సన్ ‘జిగ్‌సా’ అనే పద్ధతి మొదలుపెట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు. ఎవరి ముక్క వారు నేర్చుకొని తక్కినవారికి చెప్పాలి. ఒక్కరు మానేసినా అందరికీ లోటే.

మేం నలుగురం అట్లే చేసి చూశాం. ‘ఆమ్లాలు, క్షారాలు’ పాఠంలో నాకు సూచికలు, ఫోను లేని మిత్రునికి టైట్రేషన్ వచ్చాయి. నోట్సు చూడకుండా రెండు నిమిషాలు సొంత మాటల్లో రికార్డు చెయ్యాలి, విన్నవారు తలా ఒక ప్రశ్న వెయ్యాలి. ఆ మిత్రుడు సాయంత్రం మా కళ్లానికి వచ్చి నా ఫోనులోనే చెప్పేవాడు. అతని ముక్క కోసం ముగ్గురం ఎదురుచూశాం.

నా వంతుకు పసుపునీళ్లలో సున్నం కలిపి చూపించాను, ఎర్రబడింది. క్షారంలో పసుపులోని కర్కుమిన్ ప్రోటాన్లు కోల్పోతుంది, దాంతో కాంతిని గ్రహించే తీరు మారుతుంది. నిమ్మకాయ పిండితే తిరిగి పసుపురంగే. “మరి చింతపండు పులుసు పోస్తే?” అన్నాడు మిత్రుడు. పోసి చూశాం, అంతే జరిగింది. “ఇంటినిండ పసుపే గదరా, ఇన్నేండ్లు తెల్వలేదా?” అన్నాడు.

నిజమే, పసుపు ఎప్పుడూ ఉంది. ప్రశ్న అడిగేవాడే లేడు.

మిత్రులారా! ఫోను పాఠాన్ని మోసుకొస్తుంది, అంతే. పని పంచుకోవడం, అడగడం, రానివాని కోసం ఆగడం మనమే చెయ్యాలి. మీ గ్రూపులో ఎవరున్నారో కాదు, ఎవరు లేరో ఒకసారి లెక్క చూడండి.