పాపం అనిపించడంతో ఆగకు

చి. చిన్నాకి,

ఏప్రిల్ 2న మీ స్కూల్లో ఆటిజం అవగాహన సభ పెడుతున్నారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఏం మాట్లాడాలో రాయమన్నావట, అందుకే ఈ ఉత్తరం.

నీలి దీపాలు, ర్యాలీ ఉండనీ. వచ్చినవాళ్ళు ‘పాపం’ అనుకుంటూ ఇంటికెళ్ళిపోతే మాత్రం, పిల్లాడికి ఆటిజం ఉన్న మా బోటివాళ్ళకి ఒరిగేదేమీ లేదు. ఆటిజం ఉన్న పిల్లల ఇళ్ళల్లో డబ్బూ కాలమూ ఎక్కడ ఖర్చయిపోతున్నాయో విడమరిచి చెప్పు. అందులో ఊరు తలుచుకుంటే తగ్గించగలిగేది చాలా ఉంది.

ముందు ఆలస్యం సంగతి. “మగపిల్లాడు కదా, మాటలు మెల్లగా వస్తాయి”, “వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకే వచ్చాయి” అంటూ పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. కానీ ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకీ కావలసినదాన్ని వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా వెంటనే డాక్టరుకి చూపించాలి. ఈ గుర్తులు తెలియాల్సిన అంగన్‌వాడీ టీచర్లనీ ఆశా కార్యకర్తలనీ తప్పకుండా పిలువు. ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే జిల్లాల్లోని డీఈఐసీలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ గురించి బోర్డు మీద రాసి పెట్టు.

తర్వాత ఖర్చు. స్పీచ్ థెరపీకి ఒక ఫీజు, ఆక్యుపేషనల్ థెరపీకి ఇంకొకటి, స్పెషల్ ఎడ్యుకేటర్‌కి మరొకటి. అవన్నీ ఒకచోట దొరకాలంటే సిటీకి రావాలి. అలా మేం అద్దె ఇంటికి మారాం, నేను ఉద్యోగం మానేశాను. పోయిన నా జీతం ఏ బిల్లులోనూ కనపడదు. ఇలా నలిగిపోయినవాళ్ళ దగ్గరికే “పూర్తిగా నయం చేస్తాం” అనేవాళ్ళు వస్తారు, మూలకణ చికిత్సకి లక్షలు అడుగుతారు. ఆటిజానికి అది పనిచేస్తుందన్న రుజువు లేదని గట్టిగా చెప్పు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్నదీ అబద్ధమే. ఆ పుకారు లేవదీసిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రికే 2010లో రద్దు చేసింది.

చట్టం ఇచ్చినవీ చెప్పు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరు చెప్పి పిల్లల్ని కాదనకూడదు. వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆ పైన ఉంటే 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీకీ అందులోంచి కొంత వస్తుంది.

ఇక మాటల పోట్లు. తల్లి పట్టించుకోలేదంటారు, ఫోన్ ఇచ్చి పాడుచేసిందంటారు. అవి పడలేక చాలామంది శుభకార్యాలకే వెళ్ళడం మానేస్తారు. మొన్న ఒక పెళ్ళిలో డీజే మోతకి మా వాడు చెవులు మూసుకుని భోజనాల బల్ల కింద దూరాడు. చుట్టూ మూగినవాళ్ళలో ఒకావిడ దిష్టి తీయించమంది. వడ్డించే కుర్రాడు మాత్రం నా దగ్గరికొచ్చి “ఏం కావాలమ్మా వీడికి?” అని అడిగాడు. వెళ్ళి సౌండు తగ్గించమని చెప్పొచ్చాడు. ఓ మూల కుర్చీ వేసి, నేను చెప్పినట్టు అన్నం, పప్పు, పెరుగు ఒకదానికొకటి తగలకుండా పెట్టాడు. మా వాడు కడుపునిండా తిన్నాడు, మేం తలంబ్రాల దాకా ఉన్నాం.

సభకొచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ కుర్రాడి ప్రశ్న అడగడం నేర్చుకోమను. పక్కింటావిడ గంటసేపు పిల్లాడిని చూసుకుంటే తల్లి బ్యాంకు పని చూసుకొస్తుంది. టీచరు వాడిని కిటికీకి, గోలకీ దూరంగా కూర్చోబెడితే పాఠం కొంతైనా వింటాడు. వీటికి ఎవరి జేబులోంచీ పైసా పోదు.

సభ ఎన్ని గంటలకో ఫోన్ చేసి చెప్పు. వైకల్య సర్టిఫికెట్, నిరామయ దరఖాస్తుల నకళ్ళు పట్టుకుని నేనూ వస్తాను. అందరి ముందూ అడగడానికి మొహమాటపడే తల్లులుంటే విడిగా కూర్చుని మాట్లాడతాను.

ఇట్లు,
నీ పిన్ని