పని మొదలుకాకముందు పది నిమిషాలు: సిల్తారా చెప్పే భద్రతా పాఠం

2025 సెప్టెంబర్ 26న ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ సమీపంలోని సిల్తారా పారిశ్రామిక ప్రాంతంలో, ఒక ప్రైవేటు ఉక్కు కర్మాగారంలో ప్రమాదం జరిగింది. పైనుంచి ఒక్కసారిగా కూలిపడిన బరువు కింద చిక్కుకుని ఆరుగురు మరణించారు. మరికొందరు గాయపడ్డారు.

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో ఉన్న సిల్తారాలో స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలు ఎక్కువ. ఏదో ఒక చోట కొత్త షెడ్డు లేస్తూనో, పాత కట్టడానికి మరమ్మతు జరుగుతూనో ఉంటుంది. ఇలాంటి చోట రోజూ పని మొదలుపెట్టే ముందు ప్రమాదాలను ఎలా ఊహించాలి? అందుకు సైన్స్ ఏం చెబుతోంది?

నిన్నటి స్థలం ఈ రోజు లేదు

కర్మాగారంలో యంత్రం ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటుంది. నిర్మాణ స్థలం అలా కాదు. నిన్న నేలగా ఉన్నచోట ఈ రోజు గొయ్యి ఉంటుంది. నిన్న ఖాళీగా ఉన్న పరంజా మీద ఈ రోజు ఇటుకలు పేర్చి ఉంటాయి. రాత్రి వాన పడితే మట్టి మెత్తబడుతుంది. అందుకే నెలకోసారి రాసుకునే భద్రతా పత్రం ఇక్కడ సరిపోదు. ప్రణాళిక ప్రతి ఉదయం కొత్తగా వేసుకోవాలి.

కొత్త పరికరం పనిలోకి వచ్చే రోజు మరింత జాగ్రత్త అవసరం. 2020 ఆగస్టు 1న విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఒక భారీ క్రేన్‌ను వాడకంలోకి తెచ్చేముందు పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది చనిపోయారు. పరీక్ష కూడా ఒక పనే. దానికీ ముందస్తు ప్రణాళిక కావాలి.

ప్రమాదం అంటే అదుపు తప్పిన శక్తి

‘జాగ్రత్తగా ఉండండి’ అని చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. దానికి బదులు ‘ఇక్కడ ఏ శక్తి ఉంది, అది ఎలా విడుదలవుతుంది’ అని అడగాలి. పని ముందు జరిగే సమావేశాల్లో కార్మికులు ప్రమాదాల్లో దాదాపు సగాన్నే గుర్తించగలుగుతున్నారని అమెరికాలో జరిగిన పరిశోధనల్లో తేలింది. కింద పడటం, వాహనం ఢీకొనడం వంటివి అందరికీ తడతాయి. పీడనం, వాయువులు వంటివి కంటికి కనిపించవు కాబట్టి అంతగా గుర్తుకు రావు. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

గురుత్వం: 10 మీటర్ల ఎత్తు నుంచి జారిన కిలో బరువు స్పానర్ ఒకటిన్నర సెకను లోపే నేలను తాకుతుంది. అప్పటికి దాని వేగం గంటకు సుమారు 50 కిలోమీటర్లు. ‘తప్పుకో’ అని అరిచేలోపే అంతా అయిపోతుంది. కాబట్టి పైన పని జరుగుతున్నప్పుడు కింద ఎవరూ లేకుండా చూడటమే మార్గం.

మట్టి: ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు పైగా తూగుతుంది. అంటే ఒక చిన్న కారు కంటే ఎక్కువ. ఛాతీ వరకు మట్టిలో కూరుకుపోయిన మనిషి తల బయటే ఉన్నా ఊపిరి పీల్చలేడు. ఛత్తీస్‌గఢ్ మైదానంలో ‘కన్హార్’ అని పిలిచే నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లు తీస్తుంది. 1.5 మీటర్ల కంటే లోతైన కందకాల గోడలకు దన్ను కట్టాలని భారతీయ ప్రమాణం చెబుతోంది.

విద్యుత్తు: తడి చర్మం నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టుల తీగ తగిలినప్పుడు శరీరం గుండా 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. గుండె లయ తప్పడానికి ఇందులో సగం కూడా అక్కర్లేదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచేసే బ్రేకర్ ఉండాలి. ఉదయాన్నే దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

వేడి, ఆవిరి: లీటరు నీరు ఆవిరైతే సుమారు 1700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. కరిగిన లోహం కింద కొద్దిపాటి నీరు చిక్కినా పేలుడే. ఇక కొలిమిలోనూ గొట్టాల్లోనూ పేరుకున్న వేడి పదార్థం, యంత్రం ఆపాక కూడా చాలాసేపు ప్రమాదకరంగానే ఉంటుంది. ‘ఆపేశాం’ అంటే ‘చల్లారింది’ అని కాదు, ‘కదలదు’ అని అంతకన్నా కాదు.

వాయువు: ఇనుము తయారీలో వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముక్కు దీన్ని పసిగట్టలేదు. గ్యాస్ మీటరు ఒక్కటే పసిగట్టగలదు.

బెల్టు ఉంటే చాలా?

చాలామంది భద్రత అనగానే హెల్మెట్, బెల్టు గురించే ఆలోచిస్తారు. నిజానికి అవి చివరి మెట్టు. మొదట ప్రమాదాన్నే తొలగించగలమా చూడాలి. ఉదాహరణకు, పైకప్పు దూలాలను నేల మీదే బిగించి క్రేన్‌తో ఎత్తితే ఎత్తులో చేసే పని తగ్గుతుంది. అది కుదరకపోతే అంచుకు కంచె కట్టాలి. ఆ తర్వాత పని చేసే వేళలు, అనుమతులు, హెచ్చరికలు. అన్నిటికీ చివర బెల్టు.

బెల్టుకూ ఒక లెక్క ఉంది. 2 మీటర్ల తాడు, కుదుపును తగ్గించడానికి సాగే భాగం 1.75 మీటర్ల వరకు, బెల్టు కొక్కెం నుంచి పాదాల దాకా మరో 1.5 మీటర్లు, అదనంగా ఒక మీటరు ఖాళీ. మొత్తం 6 మీటర్లకు పైనే. పని చేసేవాడు 5 మీటర్ల ఎత్తులో, పాదాల దగ్గరే తాడు తగిలించుకుంటే, బెల్టు ఆపేలోపే నేలకు తగులుతాడు. తాడును తల పైన తగిలిస్తే ఈ దూరం బాగా తగ్గుతుంది. బెల్టుకు వేలాడుతున్న మనిషిని త్వరగా దించే ఏర్పాటు కూడా ముందే ఉండాలి.

పది నిమిషాల్లో ఏం చేయాలి?

1974లో జపాన్‌కు చెందిన సుమిటొమో మెటల్ అనే ఉక్కు సంస్థ ‘కికెన్ యోచి’ అనే పద్ధతిని రూపొందించింది. ప్రమాదాన్ని ముందుగా ఊహించడం అని దాని అర్థం. ఇందులో నాలుగు మెట్లున్నాయి: ఏ ప్రమాదాలు దాగి ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది ఏది, దానికి ఏం చేయగలం, ఈ రోజు మనం తప్పక చేసేది ఏమిటి.

సిల్తారాలో ఒక షెడ్డు కడుతున్నారనుకుందాం. తెలుగు మేస్త్రీ, ఛత్తీస్‌గఢీ కూలీలు, ఒడియా వెల్డర్ కలిసి పని చేస్తున్నారు. మేస్త్రీ ఒక్కడే తెలుగులో చెప్పి ముగిస్తే సగం మందికి అర్థం కాదు. అందరికీ వచ్చిన భాషలో మాట్లాడాలి, చేత్తో చూపించాలి. ‘అర్థమైందా’ అని కాకుండా ‘ఇక్కడ ఏం జరగొచ్చు భయ్యా, నువ్వు చెప్పు’ అని ఒక్కొక్కరిని అడగాలి. ఆ మాట చెప్పించే ప్రశ్నలు ఇవి:

• నిన్నటికీ ఈ రోజుకూ ఇక్కడ ఏం మారింది?
• మన తల పైన ఎవరు పని చేస్తున్నారు? మన కింద ఎవరున్నారు?
• ఏ తీగలో కరెంటు ఉంది? ఏ గొట్టంలో వాయువు ఉంది? ఆపారని ఎవరు పరీక్షించి చూశారు?
• ఏ గుర్తు కనిపిస్తే పని ఆపేస్తాం?
• ఏదైనా జరిగితే ఎటు వెళ్లాలి, ఎవరిని పిలవాలి?

మధ్యాహ్నం గాలి లేచినా, వాన పడినా, వేరే ముఠా పక్కకు వచ్చి పని మొదలుపెట్టినా పొద్దుటి ప్రణాళిక పాతబడినట్టే. పని ఆపి మళ్లీ రెండు నిమిషాలు మాట్లాడుకోవాలి.

అడగడం హక్కు

భవన నిర్మాణ కార్మికుల కోసం మన దేశంలో 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. తన భద్రత గురించిన సమాచారాన్ని యజమానిని అడిగే హక్కు, ఏర్పాట్లు చాలవని చెప్పే హక్కు కార్మికుడికి ఈ కోడ్‌లో ఉన్నాయి.

కానీ చట్టం పుస్తకంలో ఉంటుంది, స్పానర్ పరంజా మీద ఉంటుంది. ‘అన్నా, పైన ఆ చెక్క కదులుతోంది’ అని కొత్తగా చేరిన కుర్రాడు చెప్పినప్పుడు మేస్త్రీ కసురుకుంటే, రేపు ఆ కుర్రాడు నోరు విప్పడు. పని ఆపి, తలెత్తి చూసి, చెక్క బిగించాకే మళ్లీ మొదలుపెడితే, మర్నాటి నుంచి ముఠాలో అందరి కళ్లూ ప్రమాదం కోసం వెతుకుతాయి.