తీతువు పిట్ట

తీతువు పిట్టను ఎఱుగని రైతు లేడు. చెరువు గట్లయందును, బీళ్లయందును, పట్టణములలోని ఉద్యానవనముల పచ్చికలయందును ఇది తఱచుగా జంటగా తిరుగుచుండును. కంటిముందర ఎఱ్ఱని తోలు, నల్లని ఱొమ్ము, పసుపుపచ్చని పొడుగు కాళ్లు దీని గుర్తులు.

దీని కూత అపశకునమని మనలో పలువురు తలంతురు. పరికించి చూచినచో అది కీడు చెప్పుట కాదు. కుక్కయో, ముంగిసయో, మనుష్యుడో చెంతకు వచ్చినప్పుడు చేయు హెచ్చరిక మాత్రమే. రాత్రులయందును ఇది మేల్కొని మేయును గనుక అప్పుడును కూత వినబడును.

ఇది చెట్టుపై గూడు కట్టదు. ముఖ్యముగా మార్చి మొదలు ఆగస్టు వఱకు నేలపై చిన్న గుంట చేసి, సాధారణముగా 4 గ్రుడ్లు పెట్టును. మట్టిరంగున నల్లమచ్చలతో నుండుటచే అవి సులభముగా కానరావు. ఆడుమగలు రెండును సుమారు 4 వారములు పొదుగును. ఎండ మిక్కుటమైనచో కడుపు ఈకలను నీట తడిపికొని వచ్చి గ్రుడ్లను చల్లబఱచును.

చెదలు, చీమలు, పేడపురుగులు, నత్తలు దీని ఆహారము. కనుక సోదరులారా, దుక్కి దున్నునపుడు ఈ పిట్ట తలపై అఱచుచు తిరిగినచో అరక నిలిపి నేలను చూతము. గ్రుడ్లు కనబడినచో చుట్టును పుల్లలు నాటి, ఆ కొంచెము చోటు విడిచి దున్నుదము. పిల్లలు పుట్టిన కొలది కాలమునకే నడచి పోవును. పిమ్మట ఆ చోటు మరల మనదే. మూరెడు నేలకై నెల దినములు ఓర్చుట మనకు నష్టము కాదు.