రెండవ కాన్పు కోసం చికిత్సలో ఉన్న కువైట్ తల్లులకు

మన తీరప్రాంతం నుండి కువైట్ వెళ్ళి, పసిబిడ్డతో కాపురం చేసుకుంటూ రెండవ కాన్పు కోసం చికిత్స పొందే దంపతులు సెలవుల్లో మా వద్దకు వస్తుంటారు. "ఒక బిడ్డ ఉంది కదా, ఆయనకు పరీక్షెందుకు?" అంటారు. మొదటి కాన్పు తరువాత కూడా వీర్యకణాలు తగ్గవచ్చు. ఇద్దరూ పరీక్ష చేయించుకోవలసిందే.

టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో అండాలు పెరగడానికి 10 రోజులకు అటూ ఇటూగా ఇంజెక్షన్లు, మధ్యలో పలుమార్లు స్కానింగు ఉంటాయి. అక్కడ అమ్మమ్మ ఉండదు గనుక బిడ్డను చూసుకునే పొరుగింటామెను ముందే అడిగి ఉంచండి. ఫ్రిజ్‌లో ఉంచవలసిన మందును మూత డబ్బాలో, పై అరలో పెట్టండి. వాడిన సూది బిడ్డకు అందనీయకండి. "తమ్ముడొస్తాడు" అని అప్పుడే చెప్పవద్దు. బిడ్డ రోజూ అడుగుతుంటే తల్లికే కష్టం.

కడుపు ఉబ్బి, ఆయాసం వచ్చి, మూత్రం తగ్గితే మాత్రం మరుసటి స్కానింగు వరకు ఆగక ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి.